అమ్మానాన్నల పేర్లు కాగితాల్లో కలవకపోతే: దక్షిణ ఒడిశా తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పిల్లవాడు పై చదువుకో ఉద్యోగానికో బయలుదేరినప్పుడు ఈ చిక్కు బయటపడుతుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌లో నాన్న పేరు ఒకలా, నాన్న ఆధార్‌లో మరొకలా, భూమి పట్టాలో ఇంకొకలా ఉంటుంది. కొన్నేళ్లుగా ఇరుగుపొరుగు వారికి దరఖాస్తులు నింపిపెడుతూ, మా ఇంట్లోనే ఈ తిప్పలు పడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఒకే మనిషికి ఇన్ని స్పెల్లింగులు ఎలా వస్తాయి?

పేరు చేతులు మారినప్పుడల్లా కొంత మారుతుంది. మనం తెలుగులో చెబుతాం. గుమాస్తా ఒడియాలో రాసుకుంటాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఆ ఒడియాను చూసి ఇంగ్లీషులో కొడతాడు. మన 'వ' పలికే చోట ఒడియా రాతలో ఎక్కువగా 'బ' అక్షరమే ఉంటుంది. అందుకే వెంకటరావు ఇంగ్లీషులోకి వచ్చేసరికి బెంకటరావు అవుతాడు, వాసుదేవరావు బాసుదేబ్ రావు అవుతాడు. మాట మొదట్లో వచ్చే 'య'ను వాళ్లు 'జ'గా పలుకుతారు కాబట్టి యర్రయ్య జర్రయ్య అవుతాడు. సింహాచలం అనే పేరు సింఘాచలంగా మారుతుంది. వాళ్ల భాషలో అది సరైన పలుకే, రాసినవారిని నిందించి లాభం లేదు. అయితే రెండు కాగితాలను పోల్చే కంప్యూటర్‌కు భాషల సంగతి తెలియదు, అక్షరాలే తెలుసు.

రెండో కారణం ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియావారు సాంగియా అనే ఇంటిపేరును చివర రాస్తారు. దరఖాస్తులో చివరి గడి చూడగానే 'రావు'నో 'స్వామి'నో 'మూర్తి'నో అందులో పెట్టేస్తారు. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగులుతుంది, లేదా పూర్తిగా ఎగిరిపోతుంది.

ఇక తరాల తేడా ఒకటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేదాకా గంజాం, కోరాపుట్ వైపు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తాతగారి దస్తావేజు తెలుగులో, నాన్న బడి కాగితం ఒడియాలో, మనవడి సర్టిఫికెట్ ఇంగ్లీషులో ఉన్న ఇళ్లు నాకు చాలా తెలుసు. పాత కాగితాల్లో పర్లాకిమిడిని గంజాం జిల్లా అని, రాయగడను కోరాపుట్ జిల్లా అని చూసి కంగారు పడకండి. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. అది పేరు తప్పు కాదు, దిద్దించనక్కర లేదు.

ప్రతి తేడానూ సరిచేయించాలా?

అక్కర లేదు. రెండు మాటల మధ్య ఖాళీ ఉండటం, లేకపోవడం, 'శ్రీ' చేరడం వంటివాటిని చాలాచోట్ల మనిషి చూసి వదిలేస్తాడు. లక్ష్మిలో కె, ఎస్, హెచ్ రాసినచోట ఎక్స్ రావడం కూడా చిన్న తేడాయే. కానీ ఆన్‌లైన్‌లో పోల్చిచూసే పనుల్లో అదీ అడ్డుపడవచ్చు. మొదటి అక్షరం మారినా, ఇంటిపేరు లేకపోయినా, పేరులో సగం ఎగిరిపోయినా, నాన్న పేరు ఉండాల్సిన చోట తాత పేరో మామ పేరో పడినా వెంటనే పట్టించుకోండి.

'లేటు' సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తండ్రి చనిపోయిన పిల్లల దరఖాస్తుల్లో పేరుకు ముందు గౌరవంగా ఆ మాట రాస్తాం. కొన్నిచోట్ల అది పేరులో భాగంగా ఎక్కిపోతుంది. ఎక్కడైనా అలా కనిపిస్తే తీయించేయండి, మీరు మాత్రం గడిలో పేరే రాయండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అఫిడవిట్‌తో, అంటే ప్రమాణ పత్రంతో, మొదలుపెట్టవద్దు. అందరూ చేసే పొరపాటు అదే. తప్పు మొదట ఏ కాగితంలో దూరిందో ముందు వెతకండి.

నా మెట్రిక్ సర్టిఫికెట్‌లో మా నాన్న పేరు తప్పుగా ఉండేది. బడిలో చేరినప్పుడే అలా రాసి ఉంటారని ఏళ్ల తరబడి అనుకున్నాను. ఒకరోజు బడికి వెళ్లి అడిగితే ప్రధానోపాధ్యాయుడు బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీయించారు. అంచులు చెదపురుగు తిన్న పొడవాటి పుస్తకం. నా వరుస దగ్గర వేలు పెట్టి చూస్తే నాన్న పేరు ఇంటిపేరుతో సహా శుభ్రంగా ఉంది, పక్కనే ఆయన సంతకం కూడా ఉంది. తప్పు తొమ్మిదో తరగతిలో బోర్డుకు పంపిన ఫారంలో వచ్చింది. ఆ ఒక్క పేజీ నకలుతో నా పని సగం అయిపోయింది. అది చూడకముందు మూడు అఫిడవిట్లు రాయించాను, ఏదీ అక్కరకు రాలేదు.

కాబట్టి ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి కాగితంలో నాన్న పేరు, అమ్మ పేరు అక్షరం అక్షరం ఎలా ఉన్నాయో, ఆ కాగితం ఏ సంవత్సరానిదో వరుసగా రాయండి. ఆ తర్వాత అమ్మానాన్నలతో కూర్చుని ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకోండి. తల్లిదండ్రుల సొంత కాగితాల్లో అతి పాతదీ, వారు సంతకం చేసే తీరుకు దగ్గరగా ఉన్నదీ ఏదో అదే ఎంచుకోమని నా సలహా. ముందు వారి కాగితాలు ఆ పేరుకు రావాలి, పిల్లలవి తర్వాత. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పిల్లవాడి సర్టిఫికెట్‌లో తప్పు పడిందని నాన్న ఆధార్‌ను ఆ తప్పుకు మారుస్తారు. ఆ పూటకు పని అవుతుంది. తర్వాత పట్టా, బ్యాంకు, పింఛను, అన్నీ వరుసగా తప్పు అవుతాయి.

నా ఆధార్‌లో నాన్న పేరు తప్పుగా ఉంది. ఎలా?

ఆధార్‌లో తండ్రి పేరు విడిగా ఉండదు. చిరునామాలో 'కేరాఫ్' కింద ఉంటుంది. కాబట్టి దాన్ని చిరునామా మార్పుగానే దిద్దించాలి. ఈ కారణంగానే తండ్రి ఎవరో నిరూపించడానికి ఆధార్ గట్టి కాగితం కాదు. దాన్ని ఎవరైనా ఒప్పుకోకపోతే వారితో వాదించకండి, పుట్టిన సర్టిఫికెట్టో మెట్రిక్ సర్టిఫికెట్టో చూపించండి.

నాన్న ఆధార్‌లో ఆయన పేరే తప్పుగా ఉంటే అది పేరు మార్పు. జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి తొందరపడి ఒకసారి వృథా చేయకండి. ఆధార్ కేంద్రంలో ఇలాంటి మార్పుకు రుసుము 2025 అక్టోబరు 1 నుంచి 75 రూపాయలు. రసీదు ఇచ్చే ముందు తెర మీద పేరు చూపిస్తారు. అక్షరం అక్షరం చదవండి, కళ్లద్దాలు మరచిపోకుండా తీసుకెళ్లండి. ఇంగ్లీషు సరిగా ఉన్నా పక్కన ఒడియా వరుస తప్పుగా వస్తుంటుంది, అదీ చూడండి. ఒడియా చదవడం రాని పెద్దవారితో చదవగల వారిని పంపండి. సందేహాలకు 1947కు ఫోను చేయవచ్చు.

పాన్ కార్డు?

పాన్ కార్డు మీద తండ్రి పేరు అచ్చవుతుంది. పెళ్లయిన ఆడవారికి కూడా తండ్రి పేరే, భర్త పేరు కాదు. తల్లి ఒక్కరే పెంచిన వారు తండ్రి పేరు ఇవ్వనక్కర లేదు, తల్లి పేరు వేయించుకోవచ్చు. ఈ వీలు 2018 డిసెంబరు 5 నుంచి ఉంది. దిద్దుబాటు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు.

పాన్ దగ్గర మనవారు పడే అవస్థ పొడి అక్షరాలతో. చివరి పేరు గడిలో పొడి అక్షరం ఒప్పుకోరు, ఇంటిపేరు విప్పి రాయాలి. ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే రెండూ కలవవు. ముందు ఆధార్‌లోనే ఇంటిపేరు పూర్తిగా రాయించుకోవడం మంచిది.

పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేరు తప్పు పడింది. ఇక్కడి ఆఫీసులో దిద్దుతారా?

బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు, దిద్దుబాటు కూడా అక్కడే. మన ఇళ్లలో మొదటి కాన్పు పుట్టింట్లో కదా. కోడలిది శ్రీకాకుళం వైపు అయితే బిడ్డ పాతపట్నంలోనో టెక్కలిలోనో పుడుతుంది, నమోదు ఆంధ్రప్రదేశ్‌లో అవుతుంది. బరంపురం ఆఫీసులో ఎన్నిసార్లు అడిగినా దాన్ని ముట్టుకోలేరు. కాన్పు సమయంలో ఆసుపత్రి గుమాస్తాకు పేర్లు చెప్పేది ఎక్కువగా అమ్మమ్మో తాతయ్యో. వారికి అలవాటైన ప్రకారం కూతురి పేరు పుట్టింటి ఇంటిపేరుతో చెబుతారు, అల్లుడి పేరు పిలుపు పేరుతో చెబుతారు. తప్పు అక్కడే పుడుతుంది. కాన్పుకు వెళ్లేటప్పుడు తల్లిదండ్రులిద్దరి ఆధార్ నకళ్లు సంచిలో పెట్టి పంపండి. ఈ చిన్న జాగ్రత్త ముందు ముందు బోలెడు తిరుగుడు తప్పిస్తుంది.

దిద్దుబాటుకు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 15వ సెక్షన్ ఉంది. నమోదులో తప్పు ఉందని రిజిస్ట్రారుకు రుజువైతే, పాత రాతను కొట్టివేయకుండా పక్క మార్జిన్‌లో సరైన పేరు రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు. కాబట్టి 'రికార్డు ముట్టుకోకూడదు' అని ఎవరైనా తిప్పి పంపితే ఆ సెక్షన్ పేరు చెప్పి మర్యాదగా రాతపూర్వక దరఖాస్తు ఇవ్వండి. తల్లిదండ్రుల బడి సర్టిఫికెట్లు, ఆధార్, పెళ్లి సర్టిఫికెట్ జత చేయండి.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు ఈ సర్టిఫికెట్ ప్రాణం లాంటిది. బడిలో చేర్చడం నుంచి ఓటరు జాబితా దాకా పుట్టిన తేదీకి, చోటుకు అదే రుజువు. తప్పు కనిపిస్తే బిడ్డ బడిలో చేరేలోగా దిద్దించండి.

మెట్రిక్ సర్టిఫికెట్‌లో తప్పు ఉంది. బోర్డుకు నేరుగా రాయవచ్చా?

ఒడిశా బోర్డు కేంద్ర కార్యాలయం కటక్‌లో ఉంది. కానీ దారి బడి గుండానే. ప్రధానోపాధ్యాయుడి ద్వారా దరఖాస్తు, అడ్మిషన్ రిజిస్టరు నకలు, అసలు సర్టిఫికెట్, తండ్రి లేదా తల్లి సొంత కాగితాలు వెళ్లాలి. బడి రిజిస్టరులో సరిగా ఉండి బోర్డు కాగితంలో తప్పు ఉంటే దారి సులువు. రిజిస్టరులోనే తప్పు ఉంటే ముందు అది మారాలి, అందుకు పుట్టిన సర్టిఫికెట్ బలం కావాలి. ఇచ్ఛాపురంలో పదో తరగతి చదివినవారు ఆంధ్రప్రదేశ్ పరీక్షల విభాగానికి, అదీ చదివిన బడి ద్వారానే, రాసుకోవాలి.

సుప్రీంకోర్టు 2021 జూన్ 3న జిగ్యా యాదవ్ కేసులో ఇచ్చిన తీర్పు తెలుసుకుని ఉండటం మంచిది. ఒక విద్యార్థిని తన సర్టిఫికెట్లలో తల్లిదండ్రుల పేర్లు సరిచేయమని కోరితే సీబీఎస్ఈ కాదంది. పేరు మీద హక్కు రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమని కోర్టు చెప్పింది. బడి రికార్డుకూ ప్రభుత్వ కాగితాలకూ సరిపోయే దిద్దుబాటును బోర్డు పరిశీలించాలంది. ఆ తీర్పు సీబీఎస్ఈ గురించే. అయినా 'ఒకసారి అచ్చయింది కదా, ఇక మారదు' అనే మాటకు అది మంచి జవాబు.

తొమ్మిదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతున్నాను. బోర్డుకు వెళ్లే ఫారం బడిలో సంతకానికి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు కూర్చుని చదవండి. సంతకం పిల్లవాడి చేత పెట్టించి పంపవద్దు.

అఫిడవిట్ ఒక్కటి సరిపోదా?

ఆ రోజు గట్టెక్కించడానికి సరిపోతుంది, రికార్డును మాత్రం మార్చదు. సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చి వారమే గడువుంటే అఫిడవిట్ ఇచ్చి, అసలు దిద్దుబాటు పక్కన కొనసాగించండి. నోటరీ ముందు కావాలా, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు కావాలా అన్నది అడిగిన ఆఫీసును బట్టి ఉంటుంది. రాయించే ముందే కనుక్కోండి. సారాంశం ఇలా ఉండాలి:

"నేను ఫలానా, ఫలానా గ్రామ నివాసిని, ప్రమాణపూర్వకంగా చెప్పునది ఏమనగా: నా ఆధార్ కార్డులో నా పేరు ఇలా, నా కుమారుని మెట్రిక్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఇలా నమోదై ఉన్నవి. ఈ రెండు పేర్లు ఒక్క వ్యక్తివే, ఆ వ్యక్తిని నేనే. సరైన పేరు ఇది."

కాగితం పేరు, నంబరు, అందులో ఉన్న స్పెల్లింగ్ యథాతథంగా రాయాలి. పేరు ఎవరిదో ప్రమాణం కూడా వీలైనంతవరకు వారే చేయాలి. నాన్న బతికుండగా కొడుకు చేసే ప్రమాణానికి విలువ తక్కువ. తెలియని సంగతి తెలిసినట్టు రాయించకండి, తప్పుడు ప్రమాణం నేరం.

గెజెట్‌లో వేయించాలా?

స్పెల్లింగ్ తప్పుకు సాధారణంగా అక్కర లేదు. పేరే మార్చుకుంటే, ఉదాహరణకు పిలుపు పేరుతో గడిపిన మనిషి కొత్త పేరును ఖాయం చేసుకోదలిస్తే, అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజెట్ కావాలి. టైపింగ్ కేంద్రాల్లో అందరికీ గెజెట్ అంటగడుతుంటారు. 'ఇది దిద్దుబాటా, మార్పా' అని మీరే ముందు తేల్చుకోండి.

అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో కొన్నిచోట్ల, మెట్టినింటి పేరుతో కొన్నిచోట్ల ఉంది. ఏది ఉంచాలి?

ఏదైనా ఉంచవచ్చు. పెళ్లయిన ఆడది ఇంటిపేరు మార్చుకుని తీరాలని ఏ చట్టమూ చెప్పదు. అమ్మ బడికి వెళ్లి ఉంటే ఆ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరే ఉంటుంది, దాన్ని మార్చే ప్రయత్నం చేయకండి. మెట్టినింటి పేరు వాడాలనుకుంటే పెళ్లి సర్టిఫికెట్ రెండు పేర్లనూ కలిపే వంతెన. పాత పెళ్లిళ్లకు అది ఉండదు, ఇప్పుడైనా నమోదు చేయించుకోవచ్చు.

మా అమ్మది ఇంకో రకం చిక్కు. నాన్న పోయాక కుటుంబ పింఛను కోసం ఒక ఆఫీసుకు వెళ్లాం. నాన్న ఉద్యోగ కాగితాల్లో అప్పలనరసమ్మ, ఆధార్‌లో నరసమ్మ. ఇద్దరూ ఒకరే అని రుజువేమిటన్నారు. బయటికి వచ్చాక అమ్మ, "నలభై ఏళ్లు ఆయనతో కాపురం చేసింది ఎవరు మరి?" అంది. నోటరీ దగ్గర వేలిముద్ర చాలన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. పెన్ను అడిగి తీసుకుని, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం వదులుతూ, చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్న తీరున అ-ప్ప-ల-న-ర-స-మ్మ అని తెలుగులో మొత్తం రాసింది. ఏ పేరు ఖాయం చేయాలన్న చర్చ అక్కడితో ముగిసింది. ఆధార్ ఆ పేరుకు మార్చాం, మిగతావి దాని వెంట వచ్చాయి.

తల్లుల కాగితాలు మన ఇళ్లలో అన్నిటికంటే చివర తయారవుతాయి, ఎవరో చెప్పగా మరెవరో రాసినవిగా ఉంటాయి. నాన్న ఉండగానే అమ్మ పేరు సరిచూడండి. ఆయన సంతకం ఒక్కటి ఆమెకు ఎంతో అండ.

నాన్న చనిపోయారు. ఇప్పుడు ఆయన పేరు ఎలా దిద్దించాలి?

పోయినవారి ఆధార్ మార్చలేం. ఆయన వదిలి వెళ్లిన కాగితాల్లో బలమైనదాన్ని పట్టుకోవాలి: బడి సర్టిఫికెట్, సర్వీసు పుస్తకం, పింఛను ఉత్తర్వు, భూమి పట్టా. మరణ ధ్రువపత్రం తీసుకునేటప్పుడే పేరు ఆ కాగితంతో పోల్చుకోండి. దుఃఖంలో ఎవరో బంధువు చెప్పిన పేరు నమోదైపోతుంది, తర్వాత వారసత్వ సర్టిఫికెట్ కూడా దాన్నే అనుసరిస్తుంది. మరణ నమోదుకు కూడా అదే 15వ సెక్షన్ వర్తిస్తుంది. వారసత్వ సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) విచారణకు వచ్చినప్పుడు నాన్నను రెండు పేర్లతోనూ ఎరిగిన పెద్దలు ఒకరిద్దరు ఊళ్లో ఉండేలా చూసుకోండి. ఇంతకాలం ఊరి నోట నిలిచిన పేరు అక్కడ పనికొస్తుంది.

ఓటరు కార్డు, పాస్‌పోర్టు, పీఎఫ్ సంగతి?

ఓటరు కార్డులో దిద్దుబాటుకు ఫారం 8. బీఎల్ఓకు (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. హెల్ప్‌లైన్ 1950.

పాస్‌పోర్టుకు వెళ్లేముందే మిగతావి సరిచేసుకోండి. తల్లిదండ్రుల పేరు అందులో అచ్చయ్యాక దిద్దాలంటే మళ్లీ పాస్‌పోర్టు జారీకే దరఖాస్తు పెట్టాలి.

సూరత్, విశాఖ, హైదరాబాదులలో పనిచేసి వచ్చినవారికి పీఎఫ్ డబ్బు తండ్రి పేరు దగ్గర ఆగిపోతుంది. కంపెనీ గుమాస్తా చేర్చుకునేటప్పుడు ఏదో రాసి ఉంటాడు. 2017 అక్టోబరు 1 తర్వాత వచ్చిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) ఆధార్‌తో ముడిపడి ఉంటే తండ్రి, తల్లి పేర్లు మీరే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఈ వీలు వచ్చింది. అంతకుముందుదైతే యజమాని ద్వారా ఉమ్మడి ప్రకటన ఇవ్వాలి. మూతపడే సూచనలున్న కంపెనీ అయితే ఆలస్యం చేయకండి.

తెలుగులో ఉన్న పాత కాగితం ఇక్కడ ఒప్పుకుంటారా?

కాగితం చెల్లుతుంది, చదివేవారు ఉండరు. ఇంగ్లీషులోకి అనువదించి నోటరీ చేత ధ్రువీకరించి, అసలు దాంతో కలిపి ఇవ్వండి. అనువదించేవారికి పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో ముందే మీరు ఖాయం చేసుకున్న స్పెల్లింగ్ రాసి ఇవ్వండి. లేకపోతే నాలుగో స్పెల్లింగ్ పుడుతుంది.

అన్నీ సరయ్యాక పాత కాగితాలు పారేయవచ్చా?

వద్దు. దిద్దుబాటు ఉత్తర్వు, అఫిడవిట్ అసలు, తప్పు పేరున్న పాత కాగితం నకలు ఒకే సంచిలో పెట్టి, పైన సరైన స్పెల్లింగ్ పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. మా ఇంట్లో ఆ సంచి బియ్యం డబ్బా ఉన్న గదిలో మేకుకు వేలాడుతుంది. ఎవరు ఏ ఫారం నింపినా ముందు దాన్ని దించి చూస్తారు.